‘లేకపోతే’ గడిలో రాసిన మాట

2018 జూన్‌లో నన్ను చేపల చెరువుల వెబ్‌సైటు పనిలో వేశారు. అప్పటికి తాడేపల్లిగూడెంలో వెబ్‌సైట్లు కట్టే ఆఫీసులో చేరి నాకు ఆరేళ్ళు. కాగితం మీద నా హోదా కంటెంట్ చెకర్. అంటే, వెబ్‌సైటు పేజీలకి కావలసిన తెలుగు రాయటం, రాసింది తెర మీద సరిగ్గా పడిందో లేదో చూడటం. నా చదువు ఏడో తరగతి. అంతకు ముందు ఏలూరులో ఒక ప్రెస్సులో పదేళ్ళు సీసం అక్షరాలు కూర్చాను, ఆ తర్వాత పదహారేళ్ళు అక్కడే కంప్యూటరు మీద డీటీపీ చేశాను. ప్రెస్సు మూసేశాక ఈ పనికి వచ్చాను. పొద్దున్న ఏలూరులో పాసింజరెక్కితే భీమడోలు, పూళ్ళ దాటుకుని గూడెంలో దిగేదాన్ని. సాయంత్రం మళ్ళీ అదే దారి. రెండేళ్ళ క్రితం ఆ రైలు ఎక్కటం మానేశాను. రిటైరయ్యాను.

ఆఫీసంటే పెద్దదేం కాదు. జిరాక్సు షాపు మీద రెండు గదులు, ఐదుగురు మనుషులం. ఆఫీసు కిశోర్‌ది. ప్రోగ్రాం రాసేది కూడా అతనే. నాకంటే పాతికేళ్ళు చిన్నవాడు, జీతమిచ్చేవాడూ అతనే, అయినా నన్ను ‘దీనమ్మగారండీ’ అనే పిలిచేవాడు.

ఆ చెరువుల సైటు సంగతి చెబుతాను. కొల్లేరు వైపు ఒక ఊళ్ళో ప్రసాదరావుగారని ఒకాయన నీటి పరీక్షల ల్యాబు నడిపేవారు. చేపకి కూడా గాలి కావాలి. అది పీల్చేది నీళ్ళలో కరిగి ఉన్న గాలిని. దాన్ని కొలిచే పరికరాన్ని డీఓ మీటరంటారు. రాత్రంతా నీళ్ళలో ఉన్న నాచు కూడా ఆ గాలినే వాడుకుంటుంది గనక తెల్లారేసరికి కొలత బాగా పడిపోతుంది. మబ్బు పట్టిన రోజుల్లో మరీ పడిపోతుంది. ఆ ల్యాబు లెక్కలో మూడు కంటే దిగితే ఏరేటర్లు వేయాలి. ఏరేటరంటే నీళ్ళని చిలికి గాలి కలిపే మోటారు. అది వేయటం ఆలస్యమైతే శీలావతులూ బొచ్చెలూ నోళ్ళు పైకి పెట్టి తేలతాయి. ఇంకా ఆలస్యమైతే తిరగబడి తేలతాయి.

ల్యాబులో విజయ అని ఒక అమ్మాయి టెక్నీషియను. లంక గ్రామం పిల్ల. అమ్మా నాన్నా చెరువుల మీద కూలికి వెళ్ళేవాళ్ళు. విజయ ఇంటరు చదివి, ఆ మీటరు పట్టటం నేర్చుకుంది. తెల్లారగట్ల స్కూటీ మీద గట్లంట తిరిగి, ఒక్కొక్క చెరువులో మీటరు ముంచి, వచ్చిన అంకెని అక్కడే ఫోనులో వేసేది. ఆ అంకె మా సైటులోకి వచ్చి పడేది. రైతు ఇంటి దగ్గరే మంచం మీద కూర్చుని తన చెరువు పేజీ తెరిచి చూసుకుని, ఏరేటర్లు వేయాలో అక్కర్లేదో నిర్ణయించుకునేవాడు. అప్పటికి పదకొండు చెరువులు ఆ సైటులో ఉన్నాయి.

పని మొదలుపెట్టేముందు రైతుల్ని కూర్చోబెట్టి ఏం కావాలని అడిగాం. రాఘవులుగారని, ఊరి లెక్కలో పద్నాలుగో నంబరు చెరువు రైతు, అందరికంటే పెద్దాయన, ఆయన చెప్పింది నాకు బాగా నచ్చింది. “అంకెలు మాకెందుకండీ? అంకె చూసి నేను మళ్ళీ అబ్బాయిని అడగాలి. మంచో చెడో మాట చెప్పమనండి” అన్నారు. అందుకని మొదటి పేజీలో మాట ఒక్కటే పెట్టాం. అంకె కావలసినవాళ్ళు ‘వివరాలు’ అన్న చోట నొక్కితే రెండో పేజీలో కనబడుతుంది.

ఆ మాటలు రాయటం నా వంతు. కిశోర్ ఒక కాగితం మీద రెండు గడులు గీసి ఇచ్చాడు. మొదటి గడి మీద ‘కొలత మూడు కంటే తక్కువైతే’ అని ఉంది. రెండో గడి మీద ‘లేకపోతే’ అని ఉంది. మొదటి దాంట్లో ‘నీళ్ళలో గాలి తక్కువగా ఉంది. వెంటనే ఏరేటర్లు వేయండి’ అని రాశాను. రెండో దాంట్లో ‘నీరు బాగుందండీ’ అని రాశాను. మొదటిది ఎర్ర పట్టీ మీద, రెండోది పచ్చ పట్టీ మీద. చివర ఆ ‘అండీ’ తీసేద్దామా అని కిశోర్ అడిగితే, ఉండనివ్వండి, పెద్దవాళ్ళు చూసే పేజీ అన్నాను. ఆ రెండో గడి సంగతి తర్వాత చెబుతాను.

టెంప్లేటంటే ఏమిటో కూడా ఇక్కడే చెప్పేస్తే తర్వాత తేలికవుతుంది. ప్రెస్సులో మా దగ్గర పెళ్ళి శుభలేఖల మేటరు కూర్చి కట్టి ఉంచేవాళ్ళం. దేవుడి వాక్యం, ఆహ్వానం, అన్నీ సిద్ధంగా ఉంటాయి. వరుడి పేరు, వధువు పేరు, తేదీ ఉండే చోట్లు మాత్రం ఖాళీ. ఎవరు వస్తే వాళ్ళ పేర్లు కూర్చి అందులో దించటమే. టెంప్లేటూ అంతే. పదకొండు చెరువులకి పదకొండు పేజీలు రాయరు. ఒకే పేజీ రాసి, చెరువు నంబరు, రైతు పేరు, కొలత ఉండాల్సిన చోట మెలికల బ్రాకెట్లలో గుర్తులు పెడతారు. ఆ గుర్తుని ట్యాగంటారు. రైతు పేజీ తెరిచిన క్షణంలో కంప్యూటరు ఆ ట్యాగులు తీసేసి అసలు మాటలు దించుతుంది. శుభలేఖలో లేనిది ఒకటి ఇందులో ఉంది. ‘ఇలా అయితే ఇది చూపించు, లేకపోతే అది చూపించు’ అని షరతు రాయొచ్చు. నా రెండు గడులూ ఆ షరతులోవే.

జూన్, జూలై బాగానే నడిచింది. జూలై చివర్లో ప్రసాదరావుగారు, పొద్దున్న ఒక్క కొలతే చాలటం లేదు, సాయంత్రం కూడా తీయిస్తాను, ముందు ఆరు చెరువులకి పెట్టి చూద్దాం అన్నారు. రోజుకి రెండు కొలతలంటే ఎప్పటికప్పుడు వాటిలో తాజాది ఏదో వెతికి తేవాలి. కిశోర్ ఆ ఆరు చెరువులకీ కొత్త టెంప్లేటు కట్టాడు. మిగతా ఐదూ పాత దాని మీదే ఉన్నాయి. కొత్త పేజీలో అక్షరాలు నేను చూశాను. ఒత్తులు సరిగ్గా పడ్డాయి, ‘అండీ’ విరగలేదు, పట్టీ రంగు బాగుంది. కిశోర్ కొలత ఐదని వేసి చూశాడు. పచ్చ పట్టీ వచ్చింది. సైటులోకి ఎక్కించేశాం.

ఆగస్టులో ముసురు పట్టింది. ఒక సోమవారం పది గంటలకి ప్రసాదరావుగారు ఫోను చేశారు. పొద్దున్న రాఘవులుగారు పేజీ చూస్తే నీరు బాగుందని ఉందట. ఆయన ఏరేటర్లు వేయకుండా కాఫీ తాగి, ఏడింటికి చెరువు మీదకి వెళ్ళేసరికి చేపంతా నోళ్ళు పైకి పెట్టి ఉందట. మోటార్లు వేసి చాలా మటుకు నిలబెట్టారు గానీ, గట్టు వారగా తిరగబడినవి తిరగబడ్డాయి. వివరాల పేజీలో మాత్రం ఐదూ నలభైకి 1.8 అని అంకె ఉందట. పేజీ బాగుందంది, అంకె బాగులేదంది.

దీనికి ప్రసాదరావుగారు ఒక అర్థం చెప్పుకున్నారు. ఆ అమ్మాయి గట్టు మీదకి వెళ్ళకుండానే ఏదో మంచి అంకె వేసి ఉంటుంది, చేప తేలిందని తెలిశాక భయపడి అంకె దిద్దేసి ఉంటుంది అన్నది ఆయన అర్థం. మా సైటులో అంకె దిద్దితే మొదట వేసిన టైమే ఉండిపోతుంది, దిద్దినట్టు గుర్తేమీ ఉండదు. చిన్న సైటు గనక కిశోర్ అంతవరకు కట్టలేదు. కాబట్టి ఆ అమ్మాయి దిద్దలేదని చెప్పటానికి మా దగ్గర సాక్ష్యం లేదు. రేపటి నుంచి విజయని రావద్దన్నాననీ, శనివారం కొత్త మనిషి వస్తాడనీ, అంతవరకు పేజీ చూసి నమ్మొద్దని రైతులకి చెప్పాననీ, ఆమె పాస్‌వర్డు తీసేయమనీ చెప్పి ఆయన ఫోను పెట్టేశారు.

అప్పటికప్పుడు మేం పద్నాలుగో చెరువు పేజీ తెరిచాం. పచ్చ పట్టీ ఉంది. కానీ ఏరేటర్లు వేశాక ఎనిమిదింటికి విజయ మళ్ళీ కొలిచి 4.2 వేసిందట. కాబట్టి అప్పుడు పచ్చ రావటం న్యాయమే. పొద్దున్న ఐదూ నలభైకి ఏ పట్టీ ఉందో చూపించే దారి లేదు. మొదటి పేజీ ఎప్పుడూ తాజా సంగతే చెబుతుంది, నిన్నటిది దాచుకోదు.

మర్నాడు విజయే బస్సెక్కి మా ఆఫీసుకి వచ్చింది. అంతవరకు ఆ పిల్లని ఫోనులో వినటమే గానీ చూడలేదు. చేతిలో బడిపిల్లల నోటుబుక్కు ఒకటి ఉంది. ఫోనులో వేసే ముందు ప్రతి కొలతా అందులో పెన్సిలుతో రాసుకునేదట, చెమ్మకి పెన్ను అలుక్కుపోతుందని. సోమవారం, పద్నాలుగు, ఐదూ నలభై, 1.8. ఆ పేజీ మీద నాచు మరక కూడా ఉంది. ప్రసాదరావుగారికి చూపించావా అన్నాను. చూపించానండి, పుస్తకం తర్వాత కూడా రాసుకోవచ్చుగా అన్నారండి అంది. ఏడవలేదు. మంచినీళ్ళిస్తే తాగి గ్లాసు బల్ల మీద పెట్టింది. తర్వాత ఒక్కటే మాట అడిగింది.

“ఉద్యోగం పోతే పోయిందండి. మీటరు పట్టటం వచ్చు, ఇంకో ల్యాబుకి పోతాను. దొంగ అంకె వేసిందని పేరు పడితే ఏ గట్టు మీదకి రానిస్తారండి నన్ను?”

శనివారం లోపల చూస్తామని చెప్పి పంపించాను. కిశోర్ మెట్ల దాకా వెళ్ళి దించి వచ్చాడు.

నాకు చదువు తక్కువ గనక జ్ఞాపకమే నా నోటుబుక్కు. ప్రతి పొద్దున్న రైల్లో ఫోను తెరిచి పదకొండు పేజీలూ చూసుకోవటం నా అలవాటు. అక్షరం ఎక్కడైనా విరిగిందేమోనని. ఆ రోజు మధ్యాహ్నం కూర్చుని, కొత్త టెంప్లేటు పెట్టిన దగ్గర నుంచి నేను చూసిన పేజీలన్నీ ఒక్కొక్కటే తలుచుకున్నాను. పద్నాలుగు, పదిహేను చెరువులకి మధ్య ఒకటే గట్టు. రెండింటికీ ఒకటే కాలవ నీళ్ళు. ఐదు రోజుల క్రితం ముసురు మొదలైనప్పుడు పదిహేనుది ఎర్ర పట్టీ, పద్నాలుగుది పచ్చ పట్టీ. మర్నాడూ అంతే. రాఘవులుగారు అదృష్టవంతులు, ఆయన చెరువులో చేప పల్చగా ఉందేమో అనుకున్నాను అప్పుడు. ఇంకా తలుచుకుంటే, పాత టెంప్లేటు మీదున్న ఐదు చెరువుల్లోనూ ఏదో ఒక రోజు ఎర్ర పట్టీ చూశాను. కొత్త దాని మీదున్న ఆరింటిలో ఒక్కదాని మీదా ఒక్క రోజూ ఎర్రది చూడలేదు.

ఈ మాట చెబితే కిశోర్ కుర్చీ ఇటు తిప్పాడు. తర్వాత, మీ జ్ఞాపకం నేను నమ్ముతాను గానీ ప్రసాదరావుగారు నమ్మరు కదండీ అన్నాడు. అదీ నిజమే.

ముందు అతనికి వచ్చిన అనుమానం క్యాషు మీద. పేజీని ప్రతిసారీ కొత్తగా కట్టటం శ్రమని సైటు పాత పేజీనే దాచుకుని మళ్ళీ మళ్ళీ చూపిస్తుంటుంది. వేడి చేసిన కూర లాంటిది. దాన్ని ఖాళీ చేశాడు. తేడా లేదు. అసలు దాచుకోవద్దని ఆపేశాడు. అయినా పట్టీ పచ్చగానే ఉంది, తాజా కొలత మంచిదే గనక అది తప్పో ఒప్పో తేల్చే దారి లేదు.

అప్పుడు నేను ఒకటి అడిగాను. ఎవరికీ కనబడకుండా ఒక ఉత్తుత్తి చెరువు పెట్టి, దాంట్లో అంకె మనమే వేసి చూడొచ్చా అని. బుధవారం పొద్దున్నకల్లా పెట్టాడు. కొత్త టెంప్లేటు మీద. తొంభై తొమ్మిదో నంబరు చెరువు. నన్నే వేయమన్నాడు. సున్నా వేశాను. సున్నా అంటే చేప మిగలదు.

‘నీరు బాగుందండీ’ అని వచ్చింది.

వంద వేశాను. నీరు బాగుందండీ. అంకె తీసేసి ఖాళీగా వదిలేశాను. నీరు బాగుందండీ. ఉత్తుత్తి చెరువుని పాత టెంప్లేటు మీదకి మార్చి సున్నా వేస్తే ఎర్ర పట్టీ వచ్చేసింది. అంటే కొత్త పేజీ అసలు కొలతని అడగటమే లేదు. ఎవరేం వేసినా ఒకటే జవాబు. విజయ తప్పు లేదని అక్కడికి తేలిపోయింది. కానీ ఎందుకో తెలియకుండా వెళ్ళి చెబితే, మీ సైటు ఈ రోజు పాడైంది, సోమవారం బాగానే ఉండి ఉంటుంది అంటారు. ఎందుకో తెలియాలి.

కిశోర్ రెండు టెంప్లేట్లలోనూ షరతు ఒకటే, అక్షరం తేడా లేదు అన్నాడు. మా ప్రెస్సులో ప్రూఫు దిద్దేటప్పుడు ఒకళ్ళు కాపీ పట్టుకుని పైకి చదివితే ఇంకొకళ్ళు ప్రూఫులో చూసుకునేవాళ్ళం. చుక్క, కామా, ఖాళీతో సహా చదవాలి. అలాగే చేద్దామన్నాను. అతను పాతది చదివాడు, నేను కొత్తదాని మీద వేలు పెట్టుకుని వెళ్ళాను. నాకు ఇంగ్లీషు వాక్యం అర్థం కాదు గానీ అక్షరం తెలుసు. నిజమే, షరతు ఒకటే. తేడా అంతా కొలత ట్యాగు పేరులోనే. పాతదాంట్లో కొలత చెరువు వివరాలతో పాటే వస్తుంది. కొత్తదాంట్లో తాజా కొలతని వెతికి తెచ్చే చిన్న ప్రోగ్రాం ఒకటి వేరే ఉంది. దాన్ని ప్లగిన్ అంటారు.

అయితే ఆ ప్లగిన్ అంకె తేవటం లేదేమో చూద్దామని, కిశోర్ షరతుకి పైనే ఆ ట్యాగుని ఒట్టిగా రాసి పేజీ తెరిచాడు. 0 అని శుభ్రంగా కనబడింది. ‘చూశారా, సున్నా వచ్చింది, సున్నా మూడు కంటే తక్కువ, అయినా బాగుందంటుంది’ అని తల పట్టుకున్నాడు. ఆ సాయంత్రం నేను రైలెక్కేదాకా అక్కడే ఆగిపోయాం.

రైల్లో నాకు ప్రెస్సు గుర్తొచ్చింది. సీసం అక్షరాలు కూర్చేటప్పుడు కేసులో, అంటే అక్షరాల పెట్టెలో, ఒక అక్షరం అయిపోతే పని ఆపం. అదే మందం ఉన్న ఇంకో అక్షరాన్ని తలకిందులుగా పెట్టి వరస పూర్తి చేసేవాళ్ళం. ప్రూఫులో అక్కడ నల్లటి మచ్చ పడుతుంది. తర్వాత అసలు అక్షరం దొరికాక మచ్చ చూసుకుని మార్చేస్తాం. కొత్తలో నేనొకసారి ఏం చేశానంటే, మచ్చలున్న ప్రూఫునే ఫోర్‌మన్‌గారికి చూపించి, అక్షరాలు మార్చి మంచి ప్రూఫు తీసి, అచ్చు వేయించుకునే పార్టీకి ఇచ్చాను. పార్టీవాళ్ళు ఒక పేరులో తప్పు పట్టుకొచ్చారు. ఫోర్‌మన్‌గారు, నేను చూసినప్పుడు అక్కడ మచ్చ ఉంది, పేరు లేదు, నేను దేన్ని పాసు చేసినట్టు అన్నారు. నేను చూసిన కాగితం వేరు, ఆయన చూసిన కాగితం వేరు.

భీమడోలు దాటాక కిశోర్‌కి ఫోను చేశాను. ఒక్కటే అడిగాను. ‘ట్యాగు తీసి అంకె పెట్టేది ముందా, షరతు చూసేది ముందా?’

అతను టెంప్లేటు పని చేసే వరస చెప్పుకుంటూ వచ్చాడు. ముందు చెరువు వివరాల్లో ఉన్న ట్యాగులు నింపుతుందండి, పేరూ, నంబరూ. తర్వాత షరతులు చూస్తుందండి. ఆఖర్న ప్లగిన్లు… అని ఆగిపోయాడు. ‘రేపు మొదటి రైలుకి రండి’ అన్నాడు.

సంగతి ఇదీ. షరతు చూసే సమయానికి కొలత ఇంకా రాలేదు. కొలత ఉండాల్సిన చోట బ్రాకెట్లలో ట్యాగు పేరే ఉంది, మా తలకిందుల అక్షరం లాగా. ‘ఇది మూడు కంటే తక్కువా?’ అని షరతు దాన్నే అడిగింది. ఆ అక్షరాల గుంపు మూడు కంటే తక్కువ ఎలా అవుతుంది? కాదు అంది. ‘లేకపోతే’ గడికి వెళ్ళిపోయింది. ఆ తర్వాత ప్లగిన్ తీరిగ్గా వచ్చి సున్నాని తన చోట పెట్టింది. కిశోర్ చూసేటప్పటికి సున్నా కనబడుతోంది. అతను చూసిన పేజీ వేరు, షరతు చూసిన పేజీ వేరు.

గురువారం పొద్దున్న దాన్ని కళ్ళతో చూడాలన్నాను. ఆ ప్లగిన్ని ఆపేసి పేజీ తెరవండి అన్నాను. తెరిచాడు. సున్నా కనబడిన చోట ఈసారి మెలికల బ్రాకెట్లూ, వాటి మధ్య ట్యాగు పేరూ పచ్చిగా అలాగే పడ్డాయి. నల్ల మచ్చ. పట్టీ పచ్చగానే ఉంది. కిశోర్ నవ్వాడు, నాలుగు రోజుల తర్వాత. దిద్దటం అరగంట పని. షరతుని ప్లగిన్ కడుపులో పెట్టాడు. ముందు ప్లగిన్ వెళ్ళి అంకె తెస్తుంది, తెచ్చాక తన లోపలున్న షరతుని తనే చూస్తుంది. సున్నా వేస్తే ఎర్ర పట్టీ. ఐదు వేస్తే పచ్చ పట్టీ.

ఇక ఎక్కించేద్దామండీ అన్నాడు. నేను అంకె తీసేసి ఖాళీగా వదిలి చూశాను. ‘నీరు బాగుందండీ.’

అప్పుడు నాకు నా గడి కనబడింది. కిశోర్ రెండు గడులు గీసి ఇచ్చినప్పుడు ‘లేకపోతే’ అన్నదాన్ని నేను ‘మంచిగా ఉంటే’ అని చదువుకున్నాను. ‘లేకపోతే’ అంటే మంచిగా ఉంటే అని కాదు. మూడు కంటే తక్కువని తేలనివన్నీ అందులోకే వస్తాయి. మీటరు పాడైనా, ఫోనుకి సిగ్నలు లేకపోయినా, ట్యాగు తలకిందులైనా, చెరువు మీదకి ఎవరూ వెళ్ళకపోయినా అన్నీ వచ్చి పడేది ఆ గడిలోనే. దాంట్లో నేను శుభవార్త రాసి పెట్టాను. వరస తప్పింది కిశోర్ దగ్గర. దాన్ని ఆరు చెరువుల్లో ఎవరికీ తెలియకుండా కప్పిపెట్టింది నా మాట.

గడులు మూడు చేయించాను. మూడు కంటే తక్కువైతే ఎర్ర పట్టీ. మూడు గానీ అంతకంటే ఎక్కువ గానీ అని అంకె నిజంగా ఉంటేనే పచ్చ పట్టీ. లేకపోతే పసుపు పట్టీ మీద ‘కొలత అందలేదు. చెరువు చూసుకోండి, ల్యాబుకి ఫోను చేయండి’ అని రాశాను.

ఆ మధ్యాహ్నమే ఇద్దరం బస్సెక్కి ల్యాబుకి వెళ్ళాం. విజయని కూడా రమ్మన్నాను. రాఘవులుగారు అప్పటికే అక్కడ బెంచీ మీద ఉన్నారు, పరీక్షకి చెరువు నీళ్ళు సీసాలో తెచ్చుకుని. ప్రసాదరావుగారితో నేను వాదించలేదు. ఉత్తుత్తి చెరువుని సోమవారం ఉన్న పాడు టెంప్లేటు మీదే ఉంచి తెచ్చాం. ఆయన ఫోనులోనే తెరిచి, మీ ఇష్టమొచ్చిన అంకె వేయండి అన్నాను. ఆయన 1 వేశారు. బాగుందండీ అని వచ్చింది. ఇంకోసారి వేశారు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మైనస్ ఐదు వేశారు. బాగుందండీ.

“అయితే పొరపాటు మీదన్నమాట” అన్నారు.

“మాదేనండి. వరస తప్పు మా ఆఫీసుది, కొత్త పేజీ కట్టిన రోజు నుంచీ ఉంది. ఆ ‘బాగుందండీ’ నేను రాసింది” అన్నాను.

రాఘవులుగారు సీసా మూత తిప్పుతూ, “నేను పడుకోలేదమ్మా ఆ రోజు. లేచే ఉన్నాను. పేజీ బాగుందంటే నమ్మి కాఫీకి కూర్చున్నాను. మన వైపు ఎవర్ని ఎలా ఉన్నారని అడిగినా బాగున్నామండీ అనే అంటారు, జొరంతో ఉన్నా సరే. మీ పేజీ కూడా మన మనిషేనన్నమాట” అన్నారు. నవ్వుతూనే అన్నారు. నాకు తగలాల్సిన చోటే తగిలింది. ఆయ్, నిజమేనండి అన్నాను.

ప్రసాదరావుగారు విజయకి క్షమాపణ చెప్పలేదు. మీటరు చార్జింగు పెట్టాను, పొద్దున్న పద్నాలుగు దగ్గర మొదలుపెట్టు అన్నారు. విజయ వెంటనే తల ఊపలేదు. “వస్తానండి. నేను వేసిన అంకె, వేసిన టైము ఆ మొదటి పేజీలోనే మాట పక్కన పెట్టించండి. దిద్దితే దిద్దినట్టు కూడా కనబడాలండి” అంది. ఆయన కిశోర్ వైపు చూశారు. కిశోర్ రేపటికి పెట్టేస్తానన్నాడు. అంకెలు మాకెందుకన్న రాఘవులుగారే, పెట్టండి, చదువుకుంటాను అన్నారు. విజయ అప్పుడు మీటరు తీసుకుని దాని తీగ చుట్టుకుంది.

ఆ తర్వాత నేను ఆ ఆఫీసులో ఉన్నన్నాళ్ళూ ఏ పేజీ నా చేతికి వచ్చినా అక్షరాలు చూసేముందు రెండు పనులు చేసేదాన్ని. ముందు ఖాళీగా, ఏమీ వేయకుండా తెరిచి ఏమంటుందో చూసేదాన్ని. తర్వాత, అడగాల్సింది వచ్చాక అడుగుతోందా, రాకముందే అడిగేసి జవాబు చెబుతోందా అని కిశోర్‌ని వరస చెప్పించుకునేదాన్ని. నా తర్వాత ఆ కుర్చీలోకి వచ్చిన అమ్మాయికి నేను అప్పగించిన కాగితంలో ఉన్నది కూడా ఇంతే. ‘లేకపోతే’ గడిలో మంచి మాట రాయకూడదు. తెలియదని రాయాలి.